చీర గార్డు

“బండి మీది బొంతలు, దుప్పట్లు అన్నీ తీసెయ్యి. వచ్చే నెల పదిహేనో తారీకు మహేశ్ వచ్చి తీస్కపోతడు.”

రెండో అంతస్తు వరండాలోంచి, నోట్లో బ్రష్షు పెట్టుకునే హారతి మొగుడు శ్యాంసుందర్ అన్నాడు ఆ మాట. కింద పార్కింగులో హారతి దుప్పటి దులుపుతోంది. జూలై నెలలో సూరత్‌లో బట్ట ఆరాలంటే దేవుడు కనికరించాలి. అందుకని వానాకాలమంతా ఆ ఇంటి దుప్పట్లు, అత్త ఐలమ్మ బొంతలు పార్కింగు మూలన నిలబెట్టిన పాత రాజ్‌దూత్ మీదే ఆరేవి. కరోనా వచ్చినప్పటి నుంచి హ్యాండిలుకు ఇంటిల్లిపాది మాస్కులు కూడా వేలాడుతున్నాయి.

“ఎందుకట?” అంది హారతి తలెత్తి.

“ఎందుకేంది? వాడు ముచ్చటపడుతుండు. పాత బండ్లు మంచిగ తయారు చేయించుకొని తిరుగుతున్నరు గదా పోరగాళ్ళు, ఫోన్‌ల సూశిండట. గీడ ఊకె తుప్పు పట్టుడే గదా. ఇస్తనని మాటిచ్చిన.”

నురుగు ఉమ్మేయడానికి లోపలికి వెళ్ళిపోయాడు. ఉప్పు డబ్బా అందుకోమన్నంత తేలిగ్గా ఒక మోటారు సైకిల్ చేతులు మారిపోయింది. మహేశ్ హారతికి మరిది. ఇరవై ఏడేళ్ళవాడు, ఊరి బయట సచిన్ పారిశ్రామికవాడలో కెమికల్ కంపెనీలో పని. అతనికి ఇప్పటికే ఒక కొత్త బండి ఉంది, దాంతోపాటు బోలెడన్ని ముచ్చట్లూ ఉన్నాయి. మగపిల్లాడు ముచ్చటపడితే ఇల్లంతా కలిసి తీరుస్తుంది. అదే ముచ్చట ఆడదానికి పుడితే ఈ వయసులో ఇదేం పోయేకాలం అంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత ఉంది కదా. ఇక్కడ ఆ సొమ్ము అత్తదీ కాదు, మామదీ కాదు. ఎవరిదో తెలిసిన ఒకే ఒక్క మనిషి తడి దుప్పటి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఆ బండి హారతిది.

హారతి తండ్రి సోమలింగం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డ సాంచల మేస్త్రీ. మనం పవర్‌లూమ్ అనేదాన్ని వాళ్ళు సాంచ అంటారు. అది మొరాయిస్తే మళ్ళీ ఆడించేవాడు మేస్త్రీ. చప్పుడు విని జబ్బు చెప్పగలడని సోమలింగానికి పేరు. ఎనభై ఆరు మోడల్ నీలం రాజ్‌దూత్ ఆయనకు పెద్ద కొడుకుతో సమానం. దాని మీదే కూతురికి గేర్లు నేర్పాడు. కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు వెయ్యడం నేర్చుకుని హారతి సచిన్‌లో ఒక కారఖానాలో చేరితే, “పోలీసోడు ఆపితే జవాబు చెప్పేది నువ్వు, నేను గాదు” అని బండి కాగితాన్ని ఆమె పేరు మీదికి మార్పించాడు.

అదే కారఖానాలో చాందిని, కుమారి చేరారు. చాందిని ఆల్థాన్ పిల్ల, బ్యాంకు ఆఫీసరు కూతురు, తండ్రి పాత స్కూటరు మీద వచ్చేది. కుమారిది ఉధ్నా రైల్వే క్వార్టర్సు, అన్నయ్యకు తెలియకుండా అతని బండి తెచ్చి, తెలిశాక కూడా తెచ్చేది. ముగ్గురూ కలిసి తమకు తాము బాబిన్ గ్యాంగ్ అని పేరు పెట్టుకున్నారు. పొద్దున సచిన్ రోడ్డు మీద లారీల మధ్య దూరి వెళ్ళడం, ఆదివారం వస్తే డుమస్ బీచి దాకా పోయి టమాటా భజియాలు తిని నాలుక కాల్చుకోవడం, దారిలో మగపిల్లలు ఎవరైనా పక్కన వచ్చి ఈల వేస్తే గేరు మార్చి వాళ్ళను దాటేసి నవ్వుకోవడం. రెండేళ్ళు అలా గడిచాయి. ఆ రెండేళ్ళూ తను అందంగా ఉన్నానా అన్న అనుమానం హారతికి ఒక్కసారి కూడా రాలేదు.

పెళ్ళయింది. శ్యాంసుందర్‌కు అప్పుడు బండి లేదు. హారతితో పాటే బండి కూడా అత్తవారింటికి వచ్చింది. మూడో నాడు గుడికి బయలుదేరుతూ హారతి అలవాటుగా తాళం కోసం చెయ్యి చాపింది. అప్పటికే ముందు కూర్చున్న శ్యాంసుందర్ ఆ చేతిని చూసి నవ్వాడు.

“మరి నేనేడ కూసోవాలె?” అంది హారతి, నిజంగానే అర్థం కాక.

“ఏడేంది? ఎనక,” అన్నాడు. వెనక సీటు తట్టి చూపించాడు కూడా.

ఎడమ పక్క చూస్తే కొత్తగా మెరుస్తున్న స్టీలు చీర గార్డు, దాని కింద రెండు కాళ్ళూ పెట్టుకోవడానికి చిన్న పలక. తను ఎప్పుడూ చూడని సామాను. మగపెళ్ళివాళ్ళు బిగించుకున్నారు కాబోలు అనుకుంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక చేత్తో మొగుడి భుజం పట్టుకుని కూర్చుంది. పక్కకు తిరిగి కూర్చున్న ఆడదానికి రోడ్డు కనిపించదు. షట్టర్లు, మురికి కాలువలు, గోడల మీద పాన్ మరకలు కనిపిస్తాయి. ఎక్కడికి పోతున్నామో చేరాక తెలుస్తుంది. పదమూడేళ్ళలో సూరత్ ఎడమ పక్క మొత్తం ఆమెకు కంఠతా వచ్చేసింది.

పెద్దపిల్ల సింధూజ పుట్టినప్పుడు పని మానేసింది. మానేసింది అనడం లోకం మర్యాద. “పోవుడేంది, ఇంట్ల కూసో. పిల్లలు లేస్తే ఎవలు సూస్తరు?” అన్నాడు శ్యాంసుందర్. తర్వాత శ్రీహర్ష పుట్టాడు. బండికి శ్యాంసుందర్ నలుపు రంగు కొట్టించాడు, నీలం ఆడపిల్లల రంగులా ఉందని. నాలుగేళ్ళకు కొత్త బండి కొనుక్కుని దీన్ని మూలకు తోశాడు. అప్పటి నుంచి దానికి దండెం ఉద్యోగం.

ఇక లాక్‌డౌన్ సంగతి. పల్సానాలో శ్యాంసుందర్ పనిచేసే మిల్లు మూతపడింది, పిల్లల బడి మూతపడింది, సూరత్ సాంచలన్నీ మూగబోయాయి. మూతపడనిది ఒక్క హారతి వంటగదే. పొద్దున అత్తకు మిరియాల కషాయం, పిల్లలకు పసుపు పాలు, ఆయనకు గంటకో చాయ్. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడగడం, తలుపు గొళ్ళేలు తుడవడం, మాస్కులు ఉడకబెట్టడం. సాంచ కార్మికులకు కూడా పగటి పాళీ, రాత్రి పాళీ అని ఉంటాయి, పాళీ మారాక మనిషి మారతాడు. ఈ ఇంట్లో పాళీలు మారాయి గాని మనిషి మారలేదు. “కరోనా పుణ్యమాని అందరం ఇంట్ల ఉన్నం, మంచిగున్నది” అనేవాడు శ్యాంసుందర్, సోఫా మీద కాళ్ళు చాపుకుని. చెడ్డవాడు కాదు. చెయ్యి ఎత్తి ఎరగడు. కాళ్ళు మాత్రం ఎత్తి చాపుకుంటాడు, కింద ఊడవాలి కదా.

బండి సంగతి అన్న రోజే, పదకొండు గంటలకు, సింధూజ లెక్కల క్లాసు మధ్యలో కేకేసింది. ఇంట్లో పిల్లల చదువు నడిచేది హారతి ఫోనులోనే. “అమ్మా, ఎవరో ఆంటీ ఫొటో పంపింది. సార్ మొహం మీద వచ్చి కూర్చుంది. జల్దీ చూసి ఇవ్వు.”

హారతి చీర కొంగుతో చేతులు తుడుచుకుని చూసింది. డుమస్ ఇసుక. మూడు బండ్లు. మూడు బండ్ల ముందు ముగ్గురు ఆడపిల్లలు, గాలికి జుట్టు మొహాల మీద పడి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. కింద చాందిని రాసిన మాట. “బాబిన్లూ! బతికే ఉన్నారా?”

అది వేళాకోళమే గాని పూర్తిగా వేళాకోళం కాదు. ఏప్రిల్‌లో చాందిని పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉందట. ఆ మంచం మీద పడుకుని ఒకటే అనుకుందట, లేస్తే మళ్ళీ బండేసుకుని సముద్రం దాకా పోవాలని. “పంద్రాగస్టు ఆదివారం వచ్చింది. ఉభరాట్ పోదాం, సచిన్ రోడ్డు మీదుగా, మన పాత రోడ్డు. నేను నాన్న స్కూటరు బాగు చేయించా. ఎవరి దగ్గర ఏముంది?” కుమారి అప్పటికే రాసేసింది. “అన్నయ్య బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇంకా అడుగుతూనే ఉన్నాడు.”

హారతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. వేళ్ళు ఆలోచించకుండా టైపు చేసేశాయి. “నా బండి ఉంది.” పంపాక చదువుకుంది. ‘నా’ అన్న అక్షరం తన ఫోనులో అంత స్పష్టంగా ఎన్నేళ్ళకు కనిపించిందో. దొంగతనం చేసినట్టు చుట్టూ చూసింది. వెనక లెక్కల సారు భిన్నాలు చెబుతున్నాడు.

చేతిలో మూడు వారాలున్నాయి. పదిహేనున మహేశ్ రావడం మధ్యాహ్నమే ఉంటుంది, ఆలోపు ఒక్క పూట పోయి వచ్చేస్తే ఎవరికీ తెలియదు. మొదట అంతకంటే పెద్ద ఆలోచనేమీ లేదు. శ్యాంసుందర్‌తో మాత్రం, “ఇచ్చేముందు జర తుడిచి పెడుత,” అంది. “మంచిగ కడుగు, పోరడు సంతోషపడుతడు,” అన్నాడాయన, టీవీ మీదనుంచి కళ్ళు తిప్పకుండా. ఆడమనిషి ఏదైనా తుడుస్తూ కనిపిస్తే లోకంలో ఎవరికీ అనుమానం రాదు. అంత గొప్ప ముసుగు మరోటి లేదు.

మిల్లు మళ్ళీ నడుస్తోంది, శ్యాంసుందర్ పొద్దున ఎనిమిదికి పల్సానా వెళితే సాయంత్రం ఏడుకు వస్తాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఐలమ్మ కునుకు, పిల్లల క్లాసు. ఆ రెండు గంటలూ హారతివి. క్లాసు లేని రోజు ఫోను బండి పక్కన నిలబెట్టి తండ్రికి వీడియో కాల్ చేసేది. సోమలింగానికి పత్తి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు, ఇల్లు కదలొద్దని డాక్టరు కట్టడి. లింబాయత్‌లో మంచం మీద కూర్చునే మేస్త్రీ పని చేసేవాడు.

“కార్బొరేటర్ ఇప్పినవా? నూనె మిలాయించి పోశినవా పెట్రోల్ల? సాంచ నూనె పొయ్యకు మళ్ళ, చేతికందింది గదాని.”

“తెలుసు బాపు. టూ టి నూనె తెచ్చిన.”

“అయితే ఫోను పైకి వట్టు. మొఖం గాదు, ఇంజన్ సూపియ్యి.”

పెట్రోలు వాసన, తుప్పు వాసన, గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు. ఆ జిడ్డుతోనే పిండి కలపలేక సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునేది, అయినా రాత్రి ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంటే వాసన వచ్చేది, ఆ వాసనకు నిద్ర పట్టేది కాదు, సంతోషంతో. గరుకు కాగితం పెట్టి ట్యాంకు రుద్దుతుంటే మూడో రోజుకు నలుపు కింద నీలం బయటపడింది. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది! వేలితో తడిమింది. దాని మీద కొత్త రంగు కొట్టేటప్పుడు నెమలికంఠం నీలం తెచ్చింది, ట్యాంకు చుట్టూ సన్నని కుంచెతో బంగారు రంగు రుద్రాక్ష అంచు తనే దిద్దింది. డిజైన్లు వేసిన చెయ్యి మరిచిపోలేదు. పొడుగు హ్యాండిలు తీసి తన చేతులకు అందేది పెట్టించింది. క్లాసు లేనప్పుడు పిల్లలు మెట్ల మీద కూర్చుని చూసేవారు. “అమ్మా, మహేశ్ చాచూ కోసం ఇంత మంచిగా చేస్తున్నావా?” అంది సింధూజ ఒక రోజు. హారతి కుంచె మళ్ళీ రంగులో ముంచింది. ఆ ప్రశ్న మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది.

చీర గార్డు దగ్గర పని ఆగింది. అదుంటే కొత్త మడ్‌గార్డు పట్టదు. నట్లు తిరగవు. వీధి చివరి గ్యారేజీ గంగారాం వచ్చి అన్ని పానాలూ పెట్టి చూశాడు. ఒకటి వదులు, ఇంకోటి బిగువు.

“ఇది మా పానాలకు రాదు అక్కా. కోశి పారేయాలె. అయినా ఎందుకు తీసుడు? అన్నను అడిగినవా?”

“అన్న కూసుండడు గదా దాని పక్కకు,” అంది హారతి. గంగారాం నవ్వి వెళ్ళిపోయాడు.

తండ్రికి ఫోను చేసింది. నట్లు దగ్గరగా చూపించింది. అవతల సోమలింగం ఫోను పక్కకు తిప్పేశాడు. ఆయాసం వచ్చిందేమో అనుకుంది.

“అవి బండి నట్లు గావు బిడ్డా,” అన్నాడు చివరికి. “సాంచవి. పాత సాంచకు ఇంచుల లెక్క ఉంటది. బండి పానా పట్టది.”

“సాంచ నట్లు గీ గార్డుకు ఎట్లొచ్చినయి?”

“నేనే బిగిచ్చిన.”

హారతి చేతిలోని పానా కింద పెట్టేసింది.

“నీ పెండ్లికి రెండు దినాల ముందుగాల. వియ్యపురాలు కబురు జేశింది, పిల్ల ముందట కూసోని బండి నడుపుతదట, మా ఇంట్ల గట్ల నడువదని. నేను మేస్త్రీని గదా, ఏం జేసినా గట్టిగ జేస్త. బండి అదురుడుకు ఊడొద్దని సాంచ నట్లు పెట్టి బిగిచ్చిన. ఎప్పటికీ ఊడొద్దని.” గొంతు సవరించుకున్నాడు. “గేర్లు నేర్పింది నేనే, ఎనక కూసోవెట్టింది గూడ నేనే. నీకు చెప్పుదామని మస్తు దినాలు అనుకున్న.”

పదమూడేళ్ళుగా ఆ గార్డును చూసినప్పుడల్లా మనసులో మొగుణ్ణి తిట్టుకుంది. తిట్లన్నీ తప్పుడు చిరునామాకు పోయాయి. తండ్రి మీద కోపం ఉవ్వెత్తున వచ్చింది. ఆ ముసలి మొహం, ఫోను తెరలో సగం నుదురు, సగం పైకప్పు చూస్తే కోపంతో పాటే ఏడుపూ వచ్చింది. మంచివాళ్ళే అందరూ. మంచివాళ్ళే కలిసి ఒక మనిషిని ముందు సీటు నుంచి వెనక సీటుకు జరిపారు, ఎవరి చేతికీ బరువు తెలియకుండా.

“మరి ఇప్పుడెట్ల ఊడుతది బాపు?”

“నా సాంచ పానా నీ కాడనే ఉన్నది గదా. పెండ్లినాడు సామాన్ల ఏసిన. ఎప్పుడన్న పనికొస్తదని.”

ఉంది. వంటింట్లో మామిడికాయ తొక్కు జాడీ మూత మీద బరువుకు పెట్టుకుంది ఐలమ్మ. హారతి రెండేసి మెట్లు ఎక్కి పైకి పోయింది. జాడీ మీదనుంచి పానా తీస్తుంటే వెనక గదిలో మంచం కిర్రుమంది.

“గదెందుకు తీస్తున్నవే?”

“బండి తుడుస్తున్న అత్తమ్మా,” అని కిందికి పరుగెత్తింది.

పానా పెట్టగానే నట్టును కరుచుకుని కూర్చుంది, ఒక అమ్మ కడుపున పుట్టినట్టు. ఒళ్ళంతా బలం చేసి నొక్కింది. కదలలేదు. గోడకు కాలు తన్నిపెట్టి మళ్ళీ నొక్కింది. కీచుమని ఒక్క అరుపు అరిచి తిరిగింది. మొదటిది. రెండోది. మూడోది. నాలుగోది ఊడగానే గార్డు ఠంగుమని బండల మీద పడి పార్కింగంతా మోగింది. హారతి గట్టిగా నవ్వేసింది. ఒక్కతే, చెమటతో, చేతులకు తుప్పుతో, పిచ్చిదానిలా నవ్వింది.

ఆ ఊపులోనే కిక్కు కొట్టింది. ఒకటి, రెండు, ఆరు. ఏడోదానికి దగ్గింది. “చోకు జర తగ్గియ్యి,” ఫోనులోంచి సోమలింగం. “మళ్ళ కొట్టు. ఇంకొక్కటి!” పదో కిక్కుకు బండి లేచింది. తెల్లటి పొగ, డుగుడుగుమని చప్పుడు, పై అంతస్తుల్లో కిటికీలు టకటకా తెరుచుకున్నాయి. “ఫోను సైలెన్సర్ కాడ పెట్టు!” అని అరుస్తున్నాడు సోమలింగం. పెట్టింది. నిమిషం సేపు విన్నాడు. “జబ్బేం లేదు బిడ్డా,” అన్నాడు, ఏడుస్తున్నాడు. “మంచిగున్నది. మంచిగ ఆడుతున్నది.”

పొగలోంచి ఐలమ్మ మెట్లు దిగి వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బండిని చూసింది, కోడలిని చూసింది, కింద పడ్డ గార్డును చూసింది. హారతి ఇంజను ఆపింది.

“ఊడిందా?”

“ఊడింది అత్తమ్మా.”

“గట్టిగనే బిగిచ్చిండు మీ నాయిన.” వంగి పానా తీసుకుంది. తిరిగి మెట్లెక్కబోతూ ఆగింది. “నేను గూడ ఒక్కపారి పడ్డ, ఉధ్నా దర్వాజ కాడ. మీ మామ సైకిల్ మోటర్ మీదికెళ్ళి. పక్కకు కూసుంటె పట్టుకోనీకె ఏముంటది?” అంది, తనలో తాను అనుకున్నట్టు. పానా పట్టుకెళ్ళి జాడీ మీద పెట్టేసింది. ఆ సాయంత్రం కొడుకు వచ్చాక ఏమైనా చెబుతుందేమోనని హారతి వంటింట్లోంచి చెవులు రిక్కించి వింది. ఐలమ్మ కషాయంలో మిరియాలు తక్కువయ్యాయని తప్ప ఏమీ అనలేదు.

ఇక మిగిలింది సీటు. పాత సీటు ఎలుకలు కొరికిన పొడుగాటి పరుపు. ఉధ్నాలో సీట్లు కుట్టే చాచా కొలతలు తీసుకుని, నోట్లో సూది పెట్టుకునే అడిగాడు. “డబుల్ బనాఉఁ కి సింగిల్, బెహెన్?”

ఇద్దరికని నోటిదాకా వచ్చింది. అలవాటు. వెనక ఎవరు కూర్చుంటారో ఆలోచించింది. శ్యాంసుందర్ కూర్చోడు, ఆడదాని వెనక కూర్చుంటే పరువు పోతుంది. పిల్లలా? వాళ్ళను ట్యూషన్‌కు దింపడానికి, అత్తను ఆసుపత్రికి తీసుకుపోవడానికి, గ్యాసు సిలిండరు తేవడానికి, చక్కీ నుంచి పిండి మోయడానికి ఇంట్లో ఇంకో బండి ఉంది. వెనక సీటు ఉందంటే దాని మీద ఏదో ఒక పని వచ్చి కూర్చుంటుంది. రేపు మహేశ్ తీసుకుపోయే బండికి ఇన్ని లెక్కలెందుకు అని కూడా అనుకుంది. అప్పుడే తెలిసింది ఆమెకు. మహేశ్ తీసుకుపోడు. ఇవ్వదు. ఒక్క పూట దొంగచాటు షికారు కోసం కాదు ఈ గోళ్ళ జిడ్డంతా.

“సింగిల్,” అంది హారతి. “నా కొలతకు.”

పంద్రాగస్టు పొద్దున ఆరు గంటలకు వాన వెలిసి ఉంది. సొసైటీ వాచ్‌మన్ జెండా కర్రకు దారం కడుతున్నాడు. హారతి సల్వార్ కమీజు మీద తండ్రి పాత రెయిన్‌కోటు వేసుకుని, బండి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో వేసుకుని దిగింది. దిగేసరికి పార్కింగులో మహేశ్! మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాడు, ముచ్చట అలాంటిది. పక్కన లుంగీలో శ్యాంసుందర్, తమ్ముడికి ట్యాంకు మీది రంగును తనే వేసినట్టు చూపిస్తున్నాడు.

“వదినే!” అన్నాడు మహేశ్ కళ్ళు ఇంత చేసుకుని. “ఏ గ్యారేజ్ల చేయించిన్రు? గీ అంచు ఎవలేసిన్రు?”

“నేనే.”

“మజాక్ చేస్తున్నవా?”

“మీ వదినెకు పనితనం ఉన్నది లే,” అన్నాడు శ్యాంసుందర్ గర్వంగానే. “హారతీ, తాళం ఇయ్యి. పోరడు ఒక చక్కర్ కొట్టొస్తడు.”

తాళం ఆమె పిడికిట్లో ఉంది. చెమట పట్టింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఇలాంటి చోట ఊరుకుందో అన్నీ గుర్తొచ్చాయి.

“నేను ఉభరాట్ పోతున్న,” అంది. “బండి ఇయ్య. నాది ఇది.”

శ్యాంసుందర్ నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. “నీదేంది? పెండ్లిల మీ నాయిన నాకిచ్చిండు.”

హారతి కవరులోంచి కాగితం తీసి చేతికిచ్చింది. పుట్టింటి ఇంటిపేరుతోనే, కోడం హారతి సోమలింగం. రంగు నీలం. తిప్పి తిప్పి చూశాడు. నాలుగేళ్ళు ఆ బండి తోలినవాడు ఆ పేరు ఎప్పుడూ చదవలేదు. అతను చదువుతుండగా హారతి మూలకు వెళ్ళి, పాత తువ్వాలలో చుట్టి పెట్టిన స్టీలు గార్డు తెచ్చి మహేశ్ చేతుల్లో పెట్టింది.

“పెండ్లిల బాపు మీ అన్నకిచ్చింది గిదొక్కటే మహేశ్. ఇది తీస్కపో.”

మహేశ్ ఆ గార్డును పట్టుకుని అన్నను చూశాడు. అన్న పై వరండా చూశాడు. వరండాలో ఐలమ్మ నిలబడి ఉంది, అంతా వింది. “అమ్మా, సూడు!” అన్నాడు శ్యాంసుందర్. ఐలమ్మ ఆకాశం వైపు చూసి, “మళ్ళ వానొచ్చేటట్టున్నది. పోయేటోళ్ళు జల్ది పోవాలె,” అంది.

గేటు బయట రెండు హారన్లు ఒక్కసారే మోగాయి. స్కూటరు మీద చాందిని, బాగా చిక్కిపోయి, అదే నవ్వు. అన్నయ్య బండి మీద కుమారి, జుట్టు నెరిసి, అదే ఈల. ఆ ఈల వినగానే హారతి కాళ్ళు నేల మీద నిలవలేదు. “హారతీ! ఏం బండే అది! దా త్వరగా, సచిన్ దాటాకే చాయ్!” అని అరిచింది చాందిని.

హారతి కాగితం తీసుకుని జేబులో పెట్టుకుంది. బండి ఎక్కింది. రెండు వైపులా రెండు కాళ్ళూ నేలకు ఆనాయి. ఎదురుగా గేటు, గేటు అవతల వాననీళ్ళతో మెరుస్తున్న రోడ్డు, తిన్నగా. ఒక్క కిక్కుకే లేచింది ఇంజను.

“ఆగాగు,” అన్నాడు శ్యాంసుందర్ కంగారుగా. కోపం లేదు గొంతులో, భయం ఉంది, తప్పిపోతానేమోనన్న పిల్లాడి భయం. “ఒక్కదానివి గంత దూరం ఎట్ల పోతవ్? నేను గూడ వస్త. షర్ట్ ఏసుకొస్త ఉండు.” అంటూనే బండి వెనక చెయ్యి వేశాడు. చెయ్యి ఉత్త మడ్‌గార్డు మీద పడింది. వంగి చూశాడు. ఎడమ పక్క పలక లేదు, గార్డు లేదు, వెనక సీటే లేదు.

“మరి నేనేడ కూసోవాలె?”

హారతి గేరు వేసింది.

“ఇంట్ల,” అంది. “పిల్లలు లేస్తరు.”